ఊరికే అడిగాను

మా నాన్న పెద్దకర్మ నాడు పెరటి గోడ మీద విస్తట్లో పిండం పెట్టి, అందరం కాకి కోసం ఎదురుచూస్తున్నాం. 2023 సెప్టెంబరు మొదటి వారం. ఒకటే ఉక్క. పక్కింటి వేపచెట్టు మీద రెండు కాకులు కూర్చుని ఉన్నాయి కానీ కిందికి దిగటం లేదు. ముట్టకపోతే పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిపోయినట్టని మావైపు నమ్మకం. మా బాబాయి చేతులు జోడించి లోపల్లోపల ఏదో మొక్కుకుంటున్నాడు. అప్పుడు ఎనిమిదేళ్ళ మా పాప నా కొంగు లాగి, అందరికీ వినపడేట్టు అడిగింది: "అమ్మా, ఆ రెండిట్లో తాతయ్య ఏది?"

నాలుగు వైపుల నుంచీ "ఉష్" అన్నారు. మా పెద్దమ్మ దాని నెత్తిన చిన్నగా మొట్టి, "ఏం ప్రశ్నలే అవి, అధికప్రసంగం!" అంది. పాప ముఖం ముడుచుకుపోయింది.

కాసేపటికి కాకి ముట్టింది, భోజనాలు అయ్యాయి. షామియానా కింద అదే పెద్దమ్మ నా పక్క కుర్చీలో కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది: "ఒక్క పిల్లతోనే సరిపెట్టేస్తారా? రెండోదానికి డాక్టరుకి చూపించుకున్నారా? లోపం నీదా, మీ ఆయనదా?" నా ముఖం ఎలా మారిందో గానీ వెంటనే, "ఏం లేదులే అమ్మాయ్, ఊరికే అడిగాను" అంది.

ఆ రోజు నుంచి ఈ రెండు ప్రశ్నలూ నన్ను వదల్లేదు. ఎత్తుకుని తిప్పిన తాతయ్య ఏమైపోయాడో తెలుసుకోవాలని ఒక పిల్ల అడిగితే అది అధికప్రసంగం అయింది. నా శరీరంలో లోపం ఎక్కడుందో నలుగురి మధ్య అడిగితే అది పలకరింపు అయింది. మనం ఎక్కడో తలకిందులుగా నిలబడి ఉన్నామని నాకు గట్టిగా అనిపించింది. లోకం గురించి అడిగే ప్రశ్నకు తలుపు వేస్తాం. మనుషుల బతుకుల్లోకి తొంగిచూసే ప్రశ్నకు కుర్చీ వేసి కూర్చోబెడతాం.

"ఊరికే" అన్న మాటనే తీసుకోండి. డబ్బు పెట్టకుండా వచ్చింది ఊరికే వచ్చింది. పని లేకుండా కూర్చున్నవాడు ఊరికే కూర్చున్నాడు. నోరు మెదపనివాడు ఊరకున్నాడు. ఖర్చు లేదు, పని లేదు, చప్పుడు లేదు. ఈ మూడింటినీ ప్రశ్నకు తగిలించి "ఊరికే అడిగాను" అంటాం. అడిగినవాళ్ళకి ఖర్చు లేని మాట నిజమే. ఖర్చంతా జవాబు చెప్పాల్సినవాళ్ళది. ఈమధ్య ఆఫీసుల్లో దీనికే ఇంకో పేరు వచ్చింది, "జస్ట్ క్యూరియస్" అని. జీతం ఎంత, విడాకులు ఎందుకు, పెళ్ళి ఎప్పుడు, ఏది అడిగినా చివర్లో ఆ రెండు మాటలు చేరిస్తే సరి. తప్పు పట్టినవాళ్ళదే తప్పవుతుంది.

నాకు పెళ్ళయిన ఆరేళ్ళ దాకా పిల్లల్లేరు. ఆ ఆరేళ్ళలో నేను భయపడిన తెలుగు మాట ఒకటుంది. విశేషం. ఎంత మంచి మాట అది! ఊరి నుంచి వచ్చినవాళ్ళని "ఏంటి విశేషాలు?" అని అడుగుతాం. పత్రికల్లో, పంచాంగంలో, పండగల్లో అన్నిచోట్లా ఉంటుంది. కానీ పెళ్ళయిన ఆడదాన్ని, గొంతు కాస్త దించి, కళ్ళు కడుపు మీదికి పోనిచ్చి "ఏమైనా విశేషమా?" అంటే దానికి ఒక్కటే అర్థం. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను. ఎవరైనా ఫోన్ చేసి విశేషాలేంటి అని మామూలుగా అడిగినా గొంతు తడారిపోయేది. అడిగినవాళ్ళలో ఒక్కరికీ నా మీద పగ లేదు. చాలామందికి నా జవాబు సాయంత్రానికి గుర్తుండి కూడా ఉండదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఇంకో ప్రశ్న కూడా ఇలాంటిదే. హైదరాబాదులో అద్దె ఇంటి కోసం తిరిగేటప్పుడు ఒక ఇంటావిడ మా ఇద్దరి ఉద్యోగాలూ అడిగింది, సబబే. తర్వాత ఇంటిపేరు అడిగింది. దాంతో తేలక ఏ ఊరంది, ఆ ఊళ్ళో ఏ వీధంది, చివరికి ఉండబట్టలేక "మీరేమిట్లు?" అనేసింది. తెలుగు తెలియనివాళ్ళకి ఆ ప్రశ్న అర్థమే కాదు. మనకు మాత్రం వెంటనే అర్థమవుతుంది, అడిగింది కులం అని. చెప్పాక ఇల్లు ఇవ్వడం కుదరదంది. ఏదో కబురు అడిగినట్టే మొదలైన ఆరా తలుపు మూయడంతో ముగిసింది.

క్యూరియస్‌కి మన వాడుక తెలుగులో ఏమనాలి అంటే ఒక్క మాట దొరకదు. అది మన లోటని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోను. ఊరి నుంచి వచ్చిన నాన్న సంచిలో ఏముందో చూడాలని ఎగబడే పిల్లవాడిది ఆత్రం. మ్యాచ్ ఆఖరి ఓవర్లో మనకు కలిగేది ఉత్కంఠ. సంబంధం ఖాయం చేసుకునే ముందు అబ్బాయి గురించి నలుగురినీ అడగడం వాకబు. ఎదుటివాళ్ళు దాచుకున్నదాన్ని బయటికి లాగడం కూపీ. పక్కింటి అమ్మాయి ఎవరి బండి దిగిందో కనుక్కోవడం ఆరా. ఇంగ్లీషు వీటన్నిటినీ ఒకే సంచిలో వేసింది. పైగా అడిగే మనిషినీ, వింతగా ఉన్న వస్తువునీ రెండిటినీ క్యూరియస్ అనే అంటుంది. మన భాష ఎవరు, దేని గురించి, ఏ తీరుగా అడుగుతున్నారో చూసి వేరే వేరే పేర్లు పెట్టింది. అందుకే తెలుగులో మాట్లాడుతూ అన్నిటికీ క్యూరియాసిటీ అని వాడేస్తుంటే నాకు మనసొప్పదు. ఆరా అని పిలిస్తే సిగ్గుపడాల్సిన పని, క్యూరియాసిటీ అంటే గొప్ప లక్షణం అయిపోతోంది.

పాత సంస్కృత నిఘంటువు అమరకోశం నాట్యవర్గంలో ఒక పాదం ఉంది: "కౌతూహలం కౌతుకం చ కుతుకం చ కుతూహలం". నాలుగూ ఒకే అర్థం. నోట్లో వేసుకుంటే చక్కెరబిళ్ళలా కరిగే పాదం. పూర్వం బళ్ళలో పిల్లలు దీన్ని వల్లె వేసేవారు. కుతూహలానికి నాలుగు పేర్లు కంఠతా వచ్చిన పిల్లవాడు ఆ కుతూహలం కొద్దీ ఒక్క ప్రశ్న వేస్తే ఏమయ్యేదో ఊహించుకుంటే నాకు దిగులు పుడుతుంది.

ఎందుకంటే మన పుస్తకాల్లో ఈ మాటలకున్న మర్యాద మన ఇళ్ళలో లేదు. వేదాంతశాస్త్రానికి మూలమైన బ్రహ్మసూత్రాలు మొదలయ్యేదే "అథాతో బ్రహ్మజిజ్ఞాసా" అని. తెలుసుకోవాలన్న కోరికతోనే ఆ శాస్త్రానికి గుమ్మం కట్టారు. కానీ ఏ తెలుగింట్లోనైనా "మా వాడికి జిజ్ఞాస ఎక్కువండీ" అని మురిసిపోవడం మీరు విన్నారా? నేను వినలేదు. మళ్ళీ మళ్ళీ అడిగే పిల్లలకి మనం తయారుగా పెట్టుకున్న మాటలు వేరు. అధికప్రసంగి. చెవిలో జోరీగ. తిక్క ప్రశ్నలు. యక్షప్రశ్నలు.

యక్షప్రశ్నల సంగతి మరీ అన్యాయం. భారతంలో ఆ మడుగు దగ్గర జరిగిందేమిటి? ప్రశ్నకు జవాబు చెప్పకుండా నీళ్ళు తాగిన నలుగురు తమ్ముళ్ళూ పడిపోయారు. దాహంతో ఉండి కూడా ఆగి, అడిగినవాటన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పిన ధర్మరాజు నలుగురినీ తిరిగి తెచ్చుకున్నాడు. ప్రశ్న ముందు ఆగినవాడే బతికించగలిగాడన్న కథను పట్టుకుని మనం పిల్లల్ని తిట్టడానికి వాడుతున్నాం.

చోద్యం అన్న మాట చేసిన ప్రయాణం ఇంకా బాధగా ఉంటుంది. సంస్కృతంలో అది చుద్ అనే ధాతువు నుంచి వచ్చింది. ప్రేరేపించడం, ముందుకు తోయడం. గాయత్రీ మంత్రంలో మా బుద్ధిని ప్రేరేపించు అని వేడుకునే "ప్రచోదయాత్" లో ఉన్నదీ అదే. చోద్యం అంటే లేవనెత్తిన ప్రశ్న, వాదంలో ఎదుటివాడు జవాబు చెప్పి తీరాల్సిన ఆక్షేపణ. అక్కడి నుంచి ఆశ్చర్యం అనే అర్థం వచ్చింది. మన నోళ్ళలో పడి చివరికి "చోద్యం చూడటం" దగ్గర తేలింది. రోడ్డు మీద బండి పడి మనిషి రక్తంలో ఉంటే చుట్టూ చేరి ఫోన్లు తీసినవాళ్ళని చోద్యం చూస్తున్నారంటాం. బుద్ధిని కదిలించే ప్రశ్న కాస్తా చేతులు కట్టుకుని చూడటం అయిపోయింది.

ఇక్కడ ఒకరు నన్ను అడ్డుకుంటారని తెలుసు. "ఆరా తీయకపోతే అది మనుషుల మధ్య బతుకేనా? మీ అపార్టుమెంటులో పక్క ఫ్లాటువాడు చచ్చిపోయినా మూడు రోజులకి గానీ తెలియదు. అదా నీకు కావాల్సింది?" కాదు. నాకు అది అస్సలు వద్దు. నాన్న పోయిన రాత్రి కబురు తెలిసి అందరికంటే ముందు వచ్చింది మా పెద్దమ్మే. నా గడ్డం పట్టుకుని "ఎప్పుడు తిన్నావే?" అంది. "ఆఖర్న మంచినీళ్ళు ఎవరు పోశారు?" అని అడిగి, నేనే అని చెప్పాక నాతో పాటు ఏడ్చింది. ఆ ప్రశ్న కూడా లోపలి విషయమే. ఇంకెవరైనా అడిగితే నొచ్చుకునేదాన్నేమో. ఆవిడ అడిగితే గుండె తేలికపడింది. కాబట్టి మనుషుల గురించి అడగడమే తప్పని నేను అనడం లేదు.

మా అమ్మమ్మ గడప దాటుతున్నవాళ్ళని "ఎక్కడికి?" అని ఎప్పుడూ అడగనిచ్చేది కాదు. "ఎంతవరకు?" అనాలనేది. అర్థం ఒకటే కదా అని చిన్నప్పుడు వాదించాను. "ఎక్కడికి" అంటే కాళ్ళకి అడ్డం పడినట్టు ఉంటుందని, "ఎంతవరకు" అంటే కాస్త దూరం సాగనంపినట్టు ఉంటుందని ఆవిడ చెప్పింది. మూఢనమ్మకమే అనుకోండి. ప్రశ్నకు బరువుంటుందని, అది ఎదుటిమనిషి మీద పడుతుందని ఆ తరానికి తెలుసనడానికి మాత్రం నాకు అది సాక్ష్యం.

క్యూరియస్ అన్న మాట పుట్టుక చదివినప్పుడు నాకు అమ్మమ్మే గుర్తొచ్చింది. లాటిన్‌లో కూరా అంటే శ్రద్ధ, ఒకరి బాగోగులు చూడటం. రోగం నయం చేసే క్యూర్ అందులోంచే వచ్చింది. మ్యూజియంలో పాత వస్తువుల్ని కాపాడే క్యూరేటరూ అందులోంచే. శ్రద్ధగా చేసింది కాబట్టి అక్యూరేట్. చింత లేకుండా ఉండటం సెక్యూరిటీ. క్యూరియస్ అంటే ముందు శ్రద్ధ గలవాడు అని. తర్వాతే తెలుసుకోవాలనుకునేవాడు అయింది. ఇంకా తర్వాత శ్రద్ధగా చెక్కిన వస్తువుకి, అలాంటిదాన్ని చూస్తే కలిగే వింతకి పాకింది.

మన వైపు కూడా ఇదే జరిగిందని తెలిసి ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. సంస్కృతంలో కోరికను చెప్పడానికి ధాతువు మొదటి అక్షరాన్ని రెట్టిస్తారు. తాగాలన్న కోరిక పిపాస. తినాలన్న కోరిక బుభుక్ష. తెలుసుకోవాలన్న కోరిక జిజ్ఞాస. అదే అచ్చులో పోసిన మాట శుశ్రూష. వినాలన్న కోరిక అని దాని అసలు అర్థం. గురువు మాట వినాలని దగ్గర చేరినవాడు ఆయనకి సేవ చేశాడు, దాంతో వినాలన్న కోరికే సేవ అయిపోయింది. ఇవాళ మంచం పట్టినవాళ్ళకి చేసేది శుశ్రూష. చికిత్స కూడా ఈ కుటుంబంలోదే. దాని వెనకున్నది గమనించడం, ఎరుక కలగడం అనే అర్థమున్న ధాతువు. గమనించాలన్న కోరిక వైద్యం అయింది. లాటిన్‌లో శ్రద్ధ నుంచి తెలుసుకోవాలనే కోరిక పుడితే, సంస్కృతంలో వినాలనే, గమనించాలనే కోరిక నుంచి శ్రద్ధ పుట్టింది. ఎక్కడో దూరంగా ఉన్న రెండు భాషలు ఈ రెండిటినీ ఒకే ఇంట్లో పెట్టాయి. వాటిని విడదీసింది మనమే.

ఈ రెండూ విడిపోని మనిషి అంటే నాకు యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఆయన అన్నదమ్ములిద్దరు పోయారు. తనకీ అదే జబ్బు వచ్చి, చావు దాకా వెళ్ళి బయటపడ్డారు. మద్రాసులో వైద్యం చదివి, 1920లలో అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో చేరారు. ఒంట్లో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలకి మారి, 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసి చూపించిన బృందాన్ని నడిపించారు. స్ప్రూకి ఇచ్చే మందుల్లో అది ఒకటి. బోదకాలుకి కారణమైన పురుగుల్ని చంపే డీఈసీ మందు కూడా ఆయన నాయకత్వంలోనే బయటికొచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు మాత్ర అదే. 1948లో, అరవై కూడా నిండకుండా పోయారు. తన ఇంట్లో ఇద్దరిని తీసుకుపోయిన జబ్బు ఏమిటన్న ప్రశ్న ఆయనలో ఊరికే పుట్టలేదు.

పిల్లల కోసం ఎదురుచూసిన ఆ ఆరేళ్ళూ డాక్టరు రాసిన పసుపుపచ్చ మాత్రని నేను రోజూ మింగాను. ఫోలిక్ యాసిడ్. అది ఎవరి పని అన్నది అప్పుడు నాకు తెలియదు. విశేషమా అని అడిగినవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఎప్పుడో పోయిన ఒక భీమవరం మనిషి అడిగిన ప్రశ్న మాత్రం పొద్దున్నే నా అరచేతిలో మాత్ర అయి కూర్చునేది.

అందుకే పాప బళ్ళో టీచరు పిలిచి "మీ అమ్మాయి క్లాసు సాగనివ్వదు, ఊరికే ప్రశ్నలు వేస్తుంది" అన్నప్పుడు నేను తల వంచలేదు. ఏం అడిగిందని అడిగాను. నీళ్ళకి రంగు లేకపోతే సముద్రం నీలంగా ఎందుకుందని అడిగిందట. ఆవిడ తప్పు కూడా కాదు, యాభైమంది పిల్లలు, సిలబస్ టెన్షన్. కానీ ఆ జవాబు చెప్పడానికి పట్టేది రెండు నిమిషాలు. అడగడమే తప్పంటే నేను ఒప్పుకోలేకపోయాను.

పెద్దకర్మ నాటి రాత్రికి మళ్ళీ వస్తాను. చుట్టాలు చాలామంది వెళ్ళిపోయారు. పెద్దమ్మ, నేను డాబా మీద చాప వేసుకుని పడుకున్నాం. పగలు అడిగినదానికి నాకు ఇంకా కడుపులో మంటగానే ఉంది. ఏదో ఒకటి అనేద్దామని ఆవిడ వైపు తిరిగి, ఏమీ అనలేక, "పెద్దమ్మా, నువ్వు ఎంతవరకు చదివావు?" అన్నాను. నలభై ఏళ్ళుగా తెలిసిన మనిషిని ఆ ఒక్క మాట నేనెప్పుడూ అడగలేదు.

ఐదో క్లాసట. లెక్కల్లో ఎప్పుడూ మొదటేనట. గ్రహణం రోజున చంద్రుణ్ణి పాము మింగితే మళ్ళీ ఎలా కక్కుతుంది, చావదా అని మాస్టారుని అడిగితే, ఆయన నవ్వి వాళ్ళ నాన్నకి చెప్పాడట. ఇంటికి వచ్చాక చెంప పగిలిందట. పన్నెండో ఏట పెళ్ళి. "తర్వాత ఏం అడుగుతాను, ఎవరిని అడుగుతాను? పెరట్లో గోడ అవతల ఎవరేం వండుకున్నారో అడిగేదాన్ని" అంది. నవ్వుతూనే అంది.

నా మంట ఎటు పోయిందో తెలియదు. తెలుసుకోవాలన్న కోరికను గోడ కట్టి ఇంట్లో పెడితే, అది ఆ గోడ మీంచే తొంగిచూస్తుంది. మన ఇళ్ళలో ఆడవాళ్ళకి ఆరాలెక్కువ అని వెక్కిరించే మగవాళ్ళు ఆ గోడ ఎవరు కట్టారో కూడా చెప్పాలి. దీంతో ఆవిడ పగలు అడిగిన ప్రశ్న మంచిదైపోదు. నేను ఆ మాట కూడా ఆవిడతో చెప్పాను, "పెద్దమ్మా, అలా అడిగితే నాకు నొప్పేస్తుంది" అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

ఆకాశంలో చంద్రుడు పైకి వచ్చాడు. "అమ్మాయ్, మనవాళ్ళు దాని మీద బండి దింపారటగా?" అంది. దింపారన్నాను. ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిందని, అందులోంచి వచ్చిన చిన్న బండి పేరు ప్రజ్ఞాన్ అని, చంద్రుడి మీద పగలు మన లెక్కలో 14 రోజులుంటుందని, రాత్రీ అంతేనని చెప్పాను. ఎండ ఉన్నన్నాళ్ళే ఆ బండికి కరెంటని, అందుకని దాన్ని నిద్రపుచ్చారని చెప్పాను.

లేచి కూర్చుంది. "అయితే ఇప్పుడు దానికి చీకట్లో చలెయ్యదూ?"

ఎంత చలో చెప్పాను. సున్నాకి కింద 200 డిగ్రీల దాకా పోతుందని. 22న తెల్లవారాక లేపి చూస్తారని, లేవొచ్చు, లేవకపోవచ్చని. పాప ఎప్పుడు మేలుకుందో, దుప్పటి చుట్టుకుని వచ్చి మా ఇద్దరి మధ్య దూరింది. "అమ్మమ్మా, అక్కడ కాకులుంటాయా?" అంది. పెద్దమ్మ చెయ్యి ఎత్తింది. మొట్టడానికేమో అనుకున్నాను. దుప్పటి సర్ది, "గాలే లేదంటగదే, ఎలా ఎగురుతాయి?" అంది. ఆ గాలి సంగతి నేను చెప్పలేదు. ఎప్పుడు, ఎక్కడ విని దాచుకుందో.

సెప్టెంబరు 22 దాటాక రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. "లేచిందా?" అదొక్కటే అడిగేది. నాలుగు రోజులు లేదని చెప్పాను. ఐదో రోజు "ఇక లేవదేమో పెద్దమ్మా" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"అక్కడే ఉంటుందా మరి? తుప్పు పడుతుందా?"